చన్నీళ్ల స్నానం చేయగలను, సేటు దుకాణం ముందు నుంచి మాత్రం నడవలేను

దేవరకొండ_తమ్ముడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. నా వయసు ముప్పై మూడు. నల్లగొండలో ప్రైవేటు ఉద్యోగం, ఇల్లు దేవరకొండ అవతల పల్లెలో. సెలవు దొరికితే ఊరికి పోతుంటాను. అడగాలనుకున్నది చిన్న విషయమే, రాయడం మొదలుపెడితే పొడుగైంది. కాస్త ఓపిక పట్టండి.

ఈ మధ్య ఏ రీల్ తెరిచినా ఒకటే మాట. కష్టానికి ఎదురెళ్లు, ఇబ్బందిని తప్పించుకోకు, అసలు ఆనందం లోపలే ఉంది, దానికి దారి ఇదే అని. నేనూ మొదలుపెట్టాను. ఈ చలిలో పొద్దున ఐదింటికి చన్నీళ్ల స్నానం. పానగల్లు చెరువు కట్ట దాకా పరుగు. రాత్రి అన్నం మాని జొన్న రొట్టె. తొమ్మిదింటికి ఫోన్ బంద్. ఉన్నమాట చెప్పాలంటే బాగానే ఉంది. నీళ్లు పోసుకుని బయటికొస్తే ఏదో గెలిచినట్టు ఒక ఊపు వస్తుంది. ఆఫీసుకు చేరేసరికి అది సగం దిగుతుంది. సాయంత్రానికి ఏమీ మిగలదు.

అసలు సంగతి ఇది. మా నాయిన నిరుడు గుండెపోటుతో పోయాడు. దేవరకొండలో ఒక ఎరువుల దుకాణంలో ఆయనకు ఉద్దెర ఖాతా ఉండేది. పత్తి విత్తనాలు, డీఏపీ, పురుగు మందులు అన్నీ అక్కడే తెచ్చేవాడు. మిత్తితో కలిపి ఎనభై వేల పైన ఉంటుందని అమ్మ అంటుంది. ఖచ్చితంగా ఎంతో నాకు తెలియదు, ఎందుకంటే నేను పోయి అడగలేదు. సేటు కూడా మనిషిని పంపలేదు. దినాల రోజు మాత్రం వచ్చి, నాయిన ఫోటోకు దండం పెట్టి, భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు.

బస్సు దిగి మా ఊరి ఆటోలు ఆగే చోటికి పోవాలంటే ఆ దుకాణం ముందు నుంచే దారి. నేను వెనక సందులోంచి పోతాను. మురికి కాలువ పక్క నుంచి, ఒక బర్ల కొట్టం వెనక నుంచి చుట్టు తిరిగి. అమ్మ తోడు ఉంటే "ఇటెందుకురా" అంటుంది. "నీడ ఉంటదమ్మా" అంటాను. వాన పడుతున్న రోజు కూడా అదే జవాబు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు.

డబ్బు ఒక్కటే అయితే ఎట్లనో ఒకట్ల సర్దుకుంటాను. ఈ ఏడు పొలం కౌలుకిచ్చాం, ఆ పైసలు కొన్ని ఉన్నాయి. కానీ సేటు, నాయిన ఒక ఈడువాళ్లు. దుకాణంలో స్టూలు వేసుకుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. నేను కనబడితే ఊరుకోడు. "ఎట్ల పోయిండు? ఆ పూట ఏం తిన్నడు? దవాఖానకు ఎన్ని గంటలకు తీస్కపోయిన్రు?" అని అడుగుతాడు. ఆ మూడో ప్రశ్న తలుచుకుంటేనే గొంతు పట్టేస్తుంది. పైగా ఆ ఖాతా పుస్తకంలో ప్రతి పద్దు కింద నాయిన సంతకం ఉంటుంది.

ఐదింటికి చన్నీళ్లు పోసుకునేవాడిని, ఒక్క షటరు దాటడం నా వల్ల కావడం లేదు. మరి ఎదురెళ్తే లోపల ఆనందం దొరుకుతుందనేది నిజమేనా? నిజమైతే నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? దయచేసి కోట్స్ పెట్టకండి. అవి నా గ్యాలరీ నిండా ఉన్నాయి.


పాలమూరు_కూలోళ్ల_పిలగాడు

తమ్మీ, ముందుగా ఒక మాట. "కంఫర్ట్ జోన్ నుంచి బయటికి రా" అనేది కంఫర్ట్ ఉన్నవాళ్లు కనిపెట్టిన మాట. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ కనబడతారని పేరు. వినడానికి గొప్పగానే ఉంటుంది. మా అమ్మానాయినలు ఆ పేరులో ఉన్నవాళ్లే. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోవడం, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలేయడం, మూటలు కట్టుకుని బస్సెక్కడం. నేను మా అవ్వ దగ్గర పెరిగాను. ఉగాదికి వస్తారో రారో తెలిసేది కాదు.

ఇబ్బందిలోనే ఆనందం ఉంటే మా అమ్మ ఈపాటికి మహా యోగిని అయిపోవాలి. ఆమెకు వచ్చింది నడుము నొప్పి. నీకు చన్నీళ్లు సాధన. మా ఇంట్లో అవి మామూలు నీళ్లు, వేన్నీళ్లు పండుగకు.

కోపం నీ మీద కాదు, ఆ రీల్స్ మీద. నువ్వు మాత్రం దుకాణానికి పో. ఆనందం కోసం కాదు, మిత్తి పెరుగుతుంటుంది కాబట్టి పో. ఇంకో సంగతి తెలుసుకుని పో: నాయిన చేసిన అప్పుకు వారసుడి బాధ్యత ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే. నీ జీతం మీద పడి తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.


నల్లగొండ_ఫిజియో

తమ్ముడూ, నేను నల్లగొండలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతాను. మనుషులు నొప్పిని చూసి ఎట్లా పారిపోతారో, ఎట్లా ఆగి నిలబడతారో రోజంతా చూడటమే నా పని. కోట్ పెట్టను. నా దగ్గర జరిగేది చెబుతాను.

భుజం పట్టేసిందని వస్తారు. ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. నలభై, అరవై ఏళ్ల మధ్యవాళ్లకు ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. మొదట చెయ్యి లేపితే కొంచెం నొప్పి. అందుకని లేపడం మానేస్తారు. మానేస్తే నొప్పి ఉండదు, హాయిగా ఉంటుంది. లోపల కీలు చుట్టూ ఉన్న పొర మాత్రం బిగుసుకుంటూ పోతుంది. కొన్ని నెలలకు ఆడవాళ్లకు జడ వేసుకోవడం రాదు, మగవాళ్లకు వెనక జేబులోంచి పర్సు తీయడం రాదు. నొప్పి రాకుండా చూసుకున్నందుకు దక్కిన ఫలితం అది.

నీ వెనక సందు కూడా ఇదే పని చేస్తోంది. మలుపు తిరగ్గానే గుండె కుదుటపడుతుంది కదా, "హమ్మయ్య" అనిపిస్తుంది కదా? ఆ హమ్మయ్యే నీ శత్రువు. ప్రతిసారీ మనసుకు అది ఇనాం ఇస్తోంది, ఈసారి కూడా ఇటే తిప్పు అని. దుకాణం ముందు నిలబడితే ఏమవుతుందో నీ మనసుకు తెలుసుకునే అవకాశమే రాలేదు. భయం ఒక ఎత్తుకు పోయి, మనం అక్కడే ఆగితే, దానంతట అదే దిగుతుంది. మానసిక వైద్యులు ఎక్స్‌పోజర్ థెరపీ అని మెట్టు మెట్టుగా చేయించేది దీన్నే. చన్నీళ్ల స్నానం తప్పేం కాదు, చేసుకో. కానీ అది నువ్వు ఎంచుకున్న ఇబ్బంది. నీకు దానంటే భయం లేదు. ఎదురెళ్లాల్సింది ఎక్కడుందో నీకూ తెలుసు, ప్రశ్నలో నువ్వే రాశావు.

ఇక ఎట్లా అనేది. చండూరు దగ్గర పల్లె నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్ అయినవాళ్లను అదే రోజు, లేదంటే మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతారు. మొదటి రెండు మూడు వారాల్లో మోకాలు 90 డిగ్రీలు వంగేలా చూస్తాం, ఆలస్యమైతే తర్వాత వంచడం కష్టం. ఈమె ఇంటికి పోయి కాలు దిండు మీద చాపి పడుకుంది. కూతుళ్లు ప్రేమ కొద్దీ కదలనివ్వలేదు. నా దగ్గరికి వచ్చేసరికి కాలు కట్టెలా ఉంది.

బల్ల అంచున కూర్చోబెట్టి, మడమ కింద చెయ్యి పెట్టి మెల్లగా వెనక్కి వంచుతాను. ఆమె ఏం చేసేదో చెబుతాను, ఇదే ముఖ్యం. నా చెయ్యి తగలకముందే ఊపిరి బిగబట్టేది. పళ్లు కొరికేది. కొంగు కొస రెండు చుట్లు వేలికి చుట్టుకుని లాగేది. తొడ కండరం రాయిలా బిగిసేది. అప్పుడు నేను వంచుతున్నది మోకాలిని కాదు, ఆమె బిగింపును. ఉన్న నొప్పి పావు వంతు, రాబోయే నొప్పి గురించిన బిగింపు ముప్పావు వంతు. "నీ చేతులిరుగ, నన్ను సంపుతవా" అని తిట్టేది. తిట్టమనేదాన్ని, ఎందుకంటే తిట్టాలంటే ఊపిరి వదలాలి. ఊపిరి వదిలినప్పుడల్లా మోకాలు ఒక వేలెడు వంగేది.

నా దగ్గర ఒక లెక్క ఉంది. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతాను. నాలుగు, ఐదు అంటే పని సాగనిస్తాను. ఎనిమిది అంటే ఆపుతాను, అది ధైర్యం కాదు, కండరం తిరగబడుతుంది. రాత్రి నొప్పి ఉండొచ్చు, తెల్లారేసరికి తగ్గిపోవాలి. తగ్గకపోగా వాపు వస్తే మరుసటి రోజు తగ్గించి చేస్తాను. నీకూ ఇదే చెబుతున్నా. సేటు ఎదురుగా కూర్చుని నాయిన చివరి రోజు చెప్పడం తొమ్మిది అనుకో. దాంతో మొదలుపెట్టకు. దుకాణం అవతలి వైపు నుంచి, ఆగకుండా, దాని బోర్డు చదువుతూ నడిచిపోవడం ఎంత? మూడా, నాలుగా? అక్కడ మొదలుపెట్టు. నడిచేటప్పుడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించకు, అది కూడా వెనక సందే.

ఆనందం సంగతి. నొప్పిలో ఆనందం ఉండదు. ఉంటుందని చెప్పేవాళ్లకు ఎవరైనా మోకాలు వంచి చూపించాలి. ఆ పెద్దమ్మ ఒకరోజు లోపలికి వస్తూనే నవ్వుతోంది. ఎవరూ పట్టుకోకుండా ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కిందట. ఆ మెట్టు ఎంత ఎత్తుంటుందో మన ఆడవాళ్లను అడుగు. "వచ్చే అమాసకు చెర్వుగట్టు గుడికి పోత" అంది. నొప్పి అప్పటికి పూర్తిగా పోలేదు. కానీ నొప్పి వస్తుందేమో అని ఇంట్లో కూర్చునే మనిషి మాత్రం పోయింది. ఆ ముఖంలో ఉన్నదానికి నువ్వు లోపలి ఆనందం అని పేరు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఒక్క జాగ్రత్త. నాయిన పోయిన బాధతో నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి ఉంటే ఈ మెట్ల లెక్క చాలదు. 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్, ప్రభుత్వానిది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గు పడాల్సిన పని కాదు.


దేవరకొండ_తమ్ముడు

అక్కా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటానని మీకెట్లా తెలిసింది?

నిద్ర బాగానే పడుతోంది, తిండి కూడా. ఆ భయం లేదు. పాలమూరు అన్నా, వారసుడి సంగతి నాకు తెలియదు, థ్యాంక్స్. కానీ పొలం మాకు వచ్చింది కదా, కట్టాల్సిందే. కట్టకూడదని నాకూ లేదు. బోర్డు చదువుతూ నడవడం అంటే... ఐదు అనుకుంటున్నా. మూడు కాదు.


కల్వకుర్తి_ఎరువులు

నేను ఈ కథలో అవతలి మనిషిని. కల్వకుర్తి వైపు ఎరువులు, విత్తనాల దుకాణం మాది. నీ సేటును ఎరగను, కానీ గల్లా వెనక ఎట్లా ఉంటుందో చెబుతాను.

వెనక సందు నుంచి పోయేవాళ్లు మాకు తెలియరనుకోకు. మీ ఊరి ఆటో డ్రైవరే చెబుతాడు, చాయ్ తాగుతూ. ముందు నుంచి పోయి పలకరించేవాడి బాకీ మాకు గుర్తుండదు, తప్పించుకుని పోయేవాడిదే రాత్రి పడుకున్నాక గుర్తొస్తుంది. మేమూ టెన్షన్ పడతాం. జూన్‌లో విత్తనాలు ఉద్దెర, ఆ తర్వాత డీఏపీ, యూరియా, ఆపైన మందులు. రైతు చేతికి పైసలు వచ్చేది పత్తి అమ్మినాకే. కంపెనీ వాడు మాకు అంత గడువు ఇవ్వడు. అందుకే జనవరి వచ్చిందంటే ఎవరు చుక్తా చేస్తారు, ఎవరు సగం ఇస్తారు, ఎవరు ముఖం చాటేస్తారు అని లెక్క వేసుకుంటూ కూర్చుంటాం.

మనిషి వచ్చి "సేటూ, ఇప్పుడు ఇంత ఉంది, మిగతాది ఫలానా నెలలో" అని చెబితే ఆ పద్దు పక్కన రాసుకుంటాం. ఆ సంభాషణ మూడు నిమిషాలు. దానికి ముందు మీరు పడే యాతన నెలల తరబడి. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను కూడా కంపెనీ మేనేజర్ ఫోన్ చేస్తే బాత్రూంలో ఉన్నానని పిల్లాడితో చెప్పిస్తుంటాను, అది వేరే విషయం.

ఇంకొకటి. దినాలకు వచ్చి తినకుండా పోయాడన్నావు. బాకీ ఉన్న ఇంట్లో చావు భోజనం ముందు కూర్చుంటే అడగడానికి వచ్చాడని నలుగురూ అనుకుంటారు. అందుకని మేము కూర్చోం. ఆయన నీకన్నా ఎక్కువ ఇబ్బంది పడి ఉంటాడు. ఖాతాలు రాసేవాడిని కాబట్టి అడుగుతున్నా: నాయినకు రైతు బీమా వచ్చిందా? 59 దాటకుండా, పట్టా పాసు పుస్తకం ఉంటే నామినీకి 5 లక్షలు వస్తాయి. 2018 ఆగస్టు నుంచి ఉంది. కొంతమంది ఊరికే వదిలేస్తున్నారు.


దేవరకొండ_తమ్ముడు

నాయినకు అరవై మూడు. వర్తించదన్నారు. అడిగినందుకు సంతోషం.

భోజనం సంగతి నేను ఆ కోణంలో ఆలోచించలేదు. కోపంగా ఉన్నాడనుకున్నా.


సాగర్_కట్ట

ఫిజియో గారు చెప్పిన "బిగింపు ముప్పావు వంతు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. పది రోజుల కోర్సు. ఫీజు లేదు, అంతకు ముందు చేసినవాళ్లు ఇచ్చిన విరాళాలతో నడుస్తుంది. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, ఎవరితోనూ మాట్లాడకూడదు, ఫోన్ తీసేసుకుంటారు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాస చూడటమే. నాలుగో రోజు నుంచి అసలు పని. రోజుకు మూడు పూటలు, ఒక్కో గంట, కాళ్లు చేతులు కదపకుండా కూర్చోవాలి.

అరగంట దాటాక నా ఎడమ మోకాలు పగిలిపోతుందనిపించింది. నొప్పిని తిట్టుకోకుండా చూడమంటారు. చూస్తే అది ఒక ముద్ద కాదు. ఒక చోట మంట, పక్కన లాగుడు, లోపల ఎక్కడో తడతడమని కొట్టుకోవడం, మధ్యలో ఏమీ లేని జాగా కూడా ఉంది. ఇవన్నీ కదులుతున్నాయి, మారుతున్నాయి. ఒక్క క్షణం మోకాలు ఉంది, దాని మీద నా ఫిర్యాదు లేదు. అప్పుడు కలిగిన హాయి లాంటిది నేను అంతకు ముందు ఎరగను.

అతిగా చెప్పకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. ఇంటికొచ్చిన రోజే గ్యాస్ బండ బుక్ చేయలేదని నా భార్య మీద అరిచాను. పది రోజుల మౌనం పది నిమిషాల్లో ఎగిరిపోయింది. పాలమూరు అన్న కోపానికి కూడా ఒక మాట: బుద్ధుడు ఆరేళ్లు ఒళ్లు ఎండగట్టుకుని, దాంతో పని కాదని తేల్చుకుని, సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. కష్టపెట్టుకోవడమే దారి అని ఆయనా అనలేదు.


పాలమూరు_కూలోళ్ల_పిలగాడు

పాయసం దగ్గర నేను ఒప్పుకుంటున్నా.

ఫిజియో అక్కా, ఒకటి అడుగుతా. పెద్దమ్మ మోకాలు బాగయ్యేది, బాగైంది. బాగు కాని నొప్పి సంగతేంది? మా అమ్మ నడుము లాంటిది. దానికి ఎదురెళ్లమని చెబుతారా?


నల్లగొండ_ఫిజియో

చెప్పను. మంచి ప్రశ్న వేశావు, దీనికి నల్లగొండ మనిషిగానే జవాబు చెప్పాలి.

నేను పని మొదలుపెట్టిన కొత్తలో మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వెన్నెముక బిగుసుకుపోయిన మనుషులు వచ్చేవాళ్లు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. కొందరికి కాళ్లు దొడ్డికాళ్లయ్యేవి. ఫ్లోరోసిస్. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మా రాతి నేలలో బోరు నీళ్లు చాలా ఊళ్లలో దాన్ని ఎప్పుడో దాటేశాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కూడా ఎముకలా గట్టిపడతాయి. వాటిని నేను వంచితే వంగవు, బలవంతం చేస్తే విరుగుతాయి. అక్కడ ఊపిరి వదులు, నొప్పికి నంబరు చెప్పు అనడం పాపం. కాస్త ఉపశమనం ఇవ్వగలను, అంతే. దానికి కావాల్సింది మంచి నీళ్లు.

మా జిల్లావాళ్లు ఎంత ఓర్చుకున్నారో చెప్పలేను. ఓర్చుకున్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా పేరు పాకింది, మా ఇళ్లకు మాత్రం నీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ సీటుకు 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకం సైజుకు పోయింది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పుడు దేశం తల తిప్పి చూసింది. తర్వాత చాలా ఏళ్లకు గానీ కృష్ణా నీళ్లు పైపుల్లో రాలేదు, కానీ అడగడం అక్కడ గట్టిపడింది. నన్నడిగితే ఎదురెళ్లడం అంటే అదీ.

మీ అమ్మగారిని ఓర్చుకోమనకు. ఆమె ఇంకా బరువులు మోస్తోందా? మోస్తుంటే అది ముందు మాన్పించు. కాళ్లలో తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు. అవేవీ లేకపోతే నల్లగొండ వచ్చినప్పుడు తీసుకురా, చూస్తాను. ఫీజు గురించి ఆలోచించకు.


పాలమూరు_కూలోళ్ల_పిలగాడు

మోయడం మానేసింది. తిమ్మిరి ఉంది అంటుంది, ఎడమ కాలికి. ముందు డాక్టరుకు చూపించి, ఫిల్ములు పట్టుకుని వస్తా.


దేవరకొండ_తమ్ముడు

అప్‌డేట్. ఆదివారం ఊరికి పోయాను. బస్సు దిగి సందు వైపు తిరగబోయి ఆగాను. కాళ్లు అలవాటు కొద్దీ అటే పోతున్నాయి. మెయిన్ రోడ్డు పట్టాను. ఫోన్ జేబులోనే. బోర్డు చదవాలి అనుకుంటూ పోతే దుకాణం షటరు వేసి ఉంది.

అక్కా, మీరు చెప్పిన ఆ హమ్మయ్య వచ్చింది చూడండి, రోడ్డు మధ్యలో నవ్వొచ్చేసింది. ఎవరో అరటిపండ్ల బండి ఆయన వింతగా చూశాడు. షటరు మీద సేటు నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నా ఫోన్‌లో ఆ నంబరు లేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నా. అక్కడే నిలబడి కొట్టాను.

ఏదో పెళ్లిలో ఉన్నాడు, వెనక బ్యాండు మోత. ఫలానా ఆయన కొడుకునని చెప్పాను. ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత "అమ్మ మంచిగున్నదా?" అన్నాడు. దవాఖాన ప్రశ్న అడగలేదు. "రేపు షాపు తీస్త, వస్తె రా, లేకుంటె వచ్చే వారం రా, తొందరేం లేదు" అన్నాడు. నేను సోమవారం సెలవు పెట్టాను.

రాత్రి అమ్మకు చెప్పాను. "ఇంక ఆ బర్ల కొట్టం వాసన తప్పింది నాకు" అంది.


నల్లగొండ_ఫిజియో

ఫోన్ చేసినప్పుడు నంబరు ఎంత?


దేవరకొండ_తమ్ముడు

నొక్కేముందు ఎనిమిది. మోగుతున్నప్పుడు తొమ్మిది, పెట్టేద్దామనుకున్నా. అమ్మ గురించి అడిగినప్పుడు చూసుకోలేదు. రేపటిది ఆరు అనుకుంటున్నా. దవాఖాన ప్రశ్న అడిగితే ఏడ్చేస్తానేమో.


నల్లగొండ_ఫిజియో

ఏడిస్తే ఏడువు. ఆయన కూడా ఏడుస్తాడు. స్టూలు మీద కూర్చుని ఏడువు, నిలబడి కాదు.


పాలమూరు_కూలోళ్ల_పిలగాడు

అంతా బాగుంది గానీ, మిత్తి నూటికి ఎంతో అడిగినవా?


దేవరకొండ_తమ్ముడు

అడగలేదు అన్నా. బ్యాండు మోతలో ఎట్లా అడగను?


కల్వకుర్తి_ఎరువులు

పొద్దున పదింటికల్లా పో, పదకొండు దాటితే జనం వస్తారు. ఉత్త చేతులతో పోకు, ఉన్నంత ఇచ్చి పద్దు రాయించు. సేటు మిత్తి ఎంత వేశాడో చూసుకో. మనిషి పోయిన తారీఖు నుంచి మిత్తి ఆపమని అడుగు, చాలామంది ఆపుతారు, అడగనివాళ్లకే పడుతుంది. నాయిన సంతకాలున్న పేజీలు ఫోటో తీసుకుంటానంటే ఏ సేటూ కాదనడు.